బడికి ముందటి వేసవి
(వార్షిక మహాసభయందలి విద్యాగోష్ఠిలో చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమున కొన్ని మాటలు చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మన సభలలో విద్యయనగానే పతకములు, పారితోషికములు, వసతిగృహములు, పైచదువులకు ధనసహాయములు, వీనినిగూర్చి ప్రసంగించుట పరిపాటి. ఇవి యన్నియు కొనియాడదగినవే. అడుగకముందే వీనికై ధనమొసగిన దాతలయెడ సంఘమెల్ల కృతజ్ఞత వహించియున్నది. అయినను మేము నేడు పై మెట్లకెక్కినవారినిగూర్చి గాక, ఇంకను మొదటి మెట్టుపై కాలిడనివారినిగూర్చి విన్నవింపదలచితిమి. వచ్చు జూన్ మాసమున మొట్టమొదటిసారి బడిగడప త్రొక్కబోవు అయిదాఱేండ్ల బిడ్డలే మా ప్రసంగమునకు విషయము.

పతకమందుకొనుటకు వేదికనెక్కు బాలుని మనమందఱము చూచుచున్నాము, కరతాళధ్వనులు చేయుచున్నాము. ఒకటవ తరగతిలోనే వెనుకబడి, రెండవ తరగతిలో వాచకము చేతబట్టి చదువజాలక, సిగ్గుచేత వెనుకబల్లకు చేరి, కడకు బడి మానుకొన్న బిడ్డను మాత్రము మనమే వేదికపైనను చూడము. ఆ బిడ్డ పేరు మన నివేదికలలో నుండదు. వానికి విద్యార్థివేతనమీయ మన నిధిలో ధనమున్నను, దానిని పుచ్చుకొనుటకు వాడు మనవఱకు రాడు. పదవతరగతి ఫలితములకు బీజము పదేండ్లకు ముందే పడుచున్నదని గుర్తించినచో, మన ధనములో కొంత భాగము ఆ బీజము పడుచోటికి చేరవలెనని తోచకపోదు. మా మనవి యింతయే. తక్కినదంతయు దీనికి వ్యాఖ్యానము.

బడికి సిద్ధపఱచుట యనగా నేమి? పెక్కుమంది తలిదండ్రులు దీనికి తడవుకొనకుండ నుత్తరము చెప్పుదురు: అకారాదిగ నక్షరములు వ్రాయించుట, ఇంగ్లీషు అక్షరములు ఇరువదియాఱును వల్లెవేయించుట, నూఱువఱకు అంకెలు దిద్దించుట. ఇవి వచ్చిన బిడ్డ సిద్ధుడనియు, రాని బిడ్డ మందుడనియు వారి నమ్మకము. బడులలో మేము గడపిన కాలమున పలుమారు చూచినది వేఱు. అక్షరమాలయంతయు వ్రాయనేర్చి వచ్చిన బిడ్డ, దాహమైనదని ఉపాధ్యాయునితో చెప్పలేక కండ్లనీరు పెట్టుకొని కూర్చుండును. ఒక్క యక్షరమును రాని మఱియొక బిడ్డ, నిన్న తమ యింట జరిగిన విందును మొదటినుండి తుదివఱకు వరుస తప్పక చెప్పును. ప్రక్కవాని వంతు వచ్చువఱకు తాళును. చెప్పిన మాట విని చేయును. సంవత్సరాంతమున ముందు నడచువాడు తఱచుగ ఈ రెండవవాడే. మొదటివానికి చేయి సాగినది గాని, చెవియు, నాలుకయు, మనస్సును బడికి రాలేదు.

కావున బడికి సిద్ధపఱచుటలో నాలుగంగములు కలవని మా యభిప్రాయము. అవి చెవి, నాలుక, చేయి, సాంగత్యము. వీనిని క్రమముగ నించుక వివరింతుము.

మొదటిది చెవి. మన పూర్వులు వేదాంగములలో శిక్షను చేర్చిరి. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి వర్ణము, స్వరము, మాత్ర మొదలగు ధ్వనిధర్మములను పేర్కొనుచు నారంభమగును. అందు లిపి ప్రసక్తి లేదు. విద్య వినుటతో మొదలగునని వారి తాత్పర్యము. తెనుగు లిపి విషయమున నిది మఱింత సత్యము. మన హల్లులు 36 అని కొని, ఒక్కొక్కదానికి 12 గుణింతరూపములు చేర్చినను 432 రూపములగును, ఒత్తులు వేఱు. ఇన్నింటిని పసివాడు ఒక్క వేసవిలో నేర్వజాలడు, నేర్వనక్కఱయు లేదు. మన లిపికి సోదరియైన కన్నడలిపిని బాలురెట్లు నేర్చుచున్నారో పరిశోధించి సోనాలీ నాగ్ అను విదుషి 2007లో ఒక వ్యాసము ప్రకటించిరి. అక్షరములన్నియు పట్టువడుటకు బడిలో కొన్ని సంవత్సరములు పట్టునని యందు తేలినది. కాబట్టి తొందరపడి లాభములేదు. ముందు చెవిని సిద్ధము చేయవలెను.

అది యెట్లనగా, బిడ్డచేత మాటను ముక్కలుగ చప్పట్లుకొట్టించుడు. ‘మగ్గము’ అనిన మూడు చప్పట్లు, ‘నాడె’ అనిన రెండు. ఒక మాట తుదియక్షరముతో మఱియొక మాట చెప్పించుడు. ‘పావడ’లో మొదటి యక్షరము తీసివేసిన నేమి మిగులునని యడుగుడు, ‘వడ’ యని చెప్పి బిడ్డ పకపక నవ్వును. ఈ నవ్వు వ్యర్థకాలక్షేపము గాదు. మాట యక్షరములతో కూర్పబడినదని ఆ బిడ్డకు తెలిసినదనుట కదియే గుఱుతు. ఈ యెఱుక గల బిడ్డకు ఉపాధ్యాయుడు పలకపై ‘వ’ వ్రాసి చూపినప్పుడు, అది దేనికి గుర్తో వెంటనే బోధపడును. ఈ యెఱుక లేని బిడ్డకు అక్షరమొక వంకరగీత మాత్రమే.

రెండవది నాలుక. విష్ణుశర్మ చదువంటని రాజకుమారులను ఆఱుమాసములలో నీతికోవిదులను చేయుటకు శాస్త్రగ్రంథములను గాక కథలను చేపట్టెనని పంచతంత్ర పీఠిక చెప్పుచున్నది. కథ వినిన బిడ్డకు కాలక్రమము తెలియును, కార్యకారణసంబంధము తెలియును, వినని మాటకు అర్థమూహించు నేర్పు అలవడును. అయితే వినుటతో చాలదు. వినినదానిని బిడ్డ తిరిగి చెప్పవలెను. నక్క యెందుకట్లు చేసినది, నీవైన నేమి చేసియుందువు అని యడిగి, ప్రత్యుత్తరమునకు వేచియుండవలెను. నేటి యిండ్లలో బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇచ్చి మగ్గమునొద్దకు పోవు తల్లిని మేము నిందింపము. ఆమెకు వేఱు దిక్కులేదు. కాని ఫోను మాటలాడునే గాని బిడ్డ మాట వినదు. రెండు మొదలు నాలుగేండ్ల బిడ్డలు తెరముందు కూర్చుండు కాలము దినమునకొక గంటను మించరాదనియు, అంతకు తగ్గిన కొలది మేలనియు ప్రపంచారోగ్యసంస్థవారు 2019లో సూచించిరి.

మన బిడ్డలకు మాటలు తక్కువయని కొందఱు తలతురు. ఇది పొరపాటు. పడుగు, పేక, నాడె, కండె, చిలప, రాట్నము, అంచు, కొంగు, ఈ పదములన్నియు నేతగాని బిడ్డకు అయిదవయేట నోటనున్నవి. వీనియర్థము పట్టణములోని పెద్దచదువరులకే తెలియదు. ఆ బిడ్డను, ‘మీ అమ్మ నూలెట్లు చుట్టును? మొదట నేమి చేయును? తరువాత నేమి?’ అని యడుగుడు. వాడు చెప్పునది ప్రబంధముగాకున్నను వ్యాసమునకు మొదటి మెట్టు. ఇంటిమాటతో తెలివి పెరిగిన బిడ్డకు ఇంగ్లీషు మొదలగు ఇతర భాషలు పిమ్మట సులభముగ నంటును. ఇంటిమాట మాన్పించి పరాయిమాటలు రెండు నేర్పిన బిడ్డకు రెండిటను చెప్పదగినదేమియు నుండదు. షోలాపురము, భివండి, సూరతు పట్టణములకు వలసపోయిన మన సోదరుల బిడ్డల స్థితి మఱియు విచారింపదగినది. వారిలో పెక్కండ్రకు ఇంట తెనుగు, వీధిలో వేఱొకభాష. తెనుగుకథ వినుటకు వేసవి నెలలైనను దొరకకున్న, తాతగారి మాట మనుమనికి తెలియని దినము వచ్చును.

మూడవది చేయి. కలముపట్టుటకు ముందు వ్రేళ్లకు బలమును ఒడుపును రావలెను. బంకమన్నుతో బొమ్మలుచేయుట, పూసలు గ్రుచ్చుట, ముగ్గుపిండి వ్రేళ్లతో విడుచుట, చింతపిక్కలేరుట, గుండీలు పెట్టుకొనుట, ఇవి యన్నియు వ్రాతకు పూర్వరంగములు. ఇసుకపై వ్రేలితో వ్రాయుట మన వీధిబడుల పాత పద్ధతి. 1789 మొదలు చెన్నపురి ఎగ్మూరులోని అనాథబాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అను దొర, మలబారు పిల్లలు ఇసుకలో వ్రాయుటచూచి ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టెను. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు పాఠము చెప్పించెను. 1797లో నాతడు దీనినిగూర్చి లండనులో గ్రంథము ప్రకటింపగా అది ‘మద్రాసు పద్ధతి’ యని ఇంగ్లండున వ్యాపించెను. మన వీధిలోని ఇసుక అంతదూరము పోయి గౌరవమందినది. మనము మాత్రము మూడేండ్ల బిడ్డచేత పెన్సిలు పట్టించి గీతలపుస్తకములు నింపించుచున్నాము!

లెక్కలకును చేతినుండియే దారి. వామనగుంటలలో ఏడేసిగుంటల వరుసలు రెండు. ఒక్కొక్క గుంటలో గింజ విడుచుచు పోవు బిడ్డ, అంకె యనగా నోటిమాట గాదనియు, ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క లెక్కయనియు తెలిసికొనును. గవ్వలాట, అష్టాచెమ్మ, అచ్చనగండ్లు ఇట్టివే. మన వృత్తియే లెక్కలతో నేయబడినది. 80 నంబరు నూలనగా ఒక పౌను తూకమునకు 840 గజముల చిలపలు 80 వచ్చునని మన పెద్దలెఱిగి నూలు కొనుచుండిరి. బిడ్డముందు మిగిలిన నూలుపోగులు పఱచి, రెండెఱుపు, ఒక తెలుపు, మరల రెండెఱుపు, ఒక తెలుపు పెట్టి, పిమ్మట నేమి రావలెనని యడుగుడు. అంచునకు చాలువేయు తండ్రి చేయునదియు నిదియే. వరుసను గుర్తించుట గణితమునకు మూలము.

ఇచట ఒక మాట స్పష్టముగ చెప్పవలసియున్నది. పసివానిని మగ్గముపనికి పెట్టుమని మేము చెప్పుటలేదు. మగ్గమునుండి మాటను, లెక్కను, రంగును తీసికొని బిడ్డకీయవలెను. బిడ్డను తీసికొని మగ్గమునకీయరాదు. కండెలు చుట్టుటకై బడిమాన్పించిన బిడ్డలు మన వీధులలో నెందఱు పెరిగిరో మీకు తెలియును. రంగుల అద్దకమునొద్దకు, రసాయనములయొద్దకు పసివారిని రానీయకుడు.

నాలుగవది సాంగత్యము. కాళిదాసు రఘువంశమున రాజకుమారుడైన రఘువును లిపి నేర్చుటకు ఒంటరిగ కూర్చుండబెట్టలేదు. సమవయస్కులైన మంత్రికుమారులతో కూర్చి నేర్పించెను. చక్రవర్తి కుమారునకే తోడు కావలసివచ్చినప్పుడు మన బిడ్డకు వలదా? తల్లిని విడిచి రెండుగంటలు నిర్భయముగ నుండుట, తన వంతు రాగా నాడుట, ఓడినను ఏడువకుండుట, దొడ్డికి పోవలెనని నోరువిప్పి చెప్పుట, చేతులు కడిగికొని తనంత తాను తినుట, ఇవి ఏ వాచకములోను లేవు గాని, ఇవి లేనివాని చేతిలో వాచకము నిలువదు.

వీనితోపాటు తలిదండ్రులు మఱువరాని పని యొకటి కలదు. బడికి పంపుటకు ముందు బిడ్డ కన్నులను చెవులను వైద్యునిచేత పరీక్ష చేయింపుడు. నల్లబల్లపై నక్షరము కానరాక తప్పుచెప్పు బిడ్డను తెలివితక్కువవాడని కొట్టిన యుపాధ్యాయులు కలరు. కంటియద్దములతో తీరవలసిన లోపమునకు బెత్తముదెబ్బలు మందుగావు.

మేము చెప్పునది మా సొంత కల్పనగాదు. భావనగరమున 1920లో గిజుభాయి బధేకా బాలమందిరము స్థాపించి ఆటపాటలతోను కథలతోను చదువు సాగించెను. 1939లో మరియా మాంటిసోరి చెన్నపురి అడయారునకు వచ్చి, ఇంద్రియశిక్షణమే చదువునకు పునాదియని మన యుపాధ్యాయులకు నేర్పెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆఱేండ్లు నిండిన పిమ్మట ఒకటవ తరగతియనియు, దానికిముందు మూడేండ్లు ఆటలతోకూడిన శిక్షణమనియు నిర్దేశించినది. 2021 జూలైలో వెలువడిన ‘విద్యాప్రవేశ్’ అను ప్రణాళిక ఒకటవ తరగతిలో చేరిన బిడ్డలకు మొదటి మూడు మాసములు ఆటలద్వారా సంసిద్ధతను కలిగింపుమని చెప్పుచున్నది. ప్రవేశపరీక్షకు భయపడి బిడ్డలకు రాత్రింబవళ్లు అక్షరములు రుద్దించు తలిదండ్రులకు మఱియొక మాట: 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో చేర్చుకొనుటకు బిడ్డనుగాని తలిదండ్రులనుగాని పరీక్షించుటను నిషేధించినది. మొదటి తప్పునకు 25,000 రూపాయలవఱకును, పిమ్మట ప్రతి తప్పునకు 50,000 రూపాయలవఱకును జుల్మానా విధించినది. కావున అట్టి పరీక్షకు బిడ్డను సిద్ధముచేయుటకంటె, అట్టి పరీక్ష తగదని చెప్పుటకు మనము సిద్ధమగుట మేలు.

వేసవిని గూర్చి అత్యాశలు చెప్పి మిమ్ము మోసగింపము. అమెరికాదేశమున 1965లో పేదబిడ్డలను బడికి సిద్ధపఱచుటకై ‘హెడ్ స్టార్ట్’ అను ఉద్యమమును ఎనిమిది వారముల వేసవి కార్యక్రమముగ నారంభించిరి. ఆ యొక్క వేసవిలోనే అయిదులక్షలకు మించిన బిడ్డలు చేరిరి. నాలుగేండ్లకు, అనగా 1969లో, వెలువడిన ఒక పరిశీలన, వేసవి మాత్రమే జరిగిన శిక్షణమువలన కలిగిన లాభము నిలువలేదని తేల్చినది. దీనినిబట్టి వేసవి వ్యర్థమనరాదు. వేసవి యొక్కటియే చాలదని గ్రహింపవలెను. నారుపోసి నీరు పెట్టనిచో తప్పు నారుమడిది గాదు. మన దేశమున 1975 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముక్రింద అంగన్‌వాడీలు వీధివీధిన కలవు. మూడేండ్లనుండి బిడ్డను ఏడాదిపొడుగున అచటికి పంపుట మొదటి విధి. పండుగకు చేసిన అక్షరాభ్యాసముతోనే చదువు సాగునని ఊరకుండరాదు. ఆ శుభకార్యమునకు తరువాయి కావలెను. మేము కోరు వేసవి ఆ తరువాయిలో నొక భాగము.

ఇక మా విన్నపము. ఉభయ తెలుగు రాష్ట్రములలో ఏప్రిల్ నాలుగవ వారము మొదలు జూన్ రెండవ వారమువఱకు బడులకు సెలవులు. అప్పుడు చదువుకొన్న పెద్దపిల్లలకు తీరిక. మన కల్యాణమండపములు ముహూర్తములు లేని దినములలో తాళము వేసియుండును. మే మాసము మొదటినుండి ఆఱువారములు, ఎండ ముదురకమున్నే ఉదయము 7 మొదలు 9½ గంటలవఱకు, ఇరువదిమంది బిడ్డల కొక్కొక్క గుంపుగ వానిని తెఱువుడు. గుంపునకు ఇంటర్ చదివిన యువతుల నిద్దఱిని తగిన ప్రతిఫలమిచ్చి నియమింపుడు. ఉచితసేవయని వారి శ్రమను దోచుకొనకుడు. కథ చెప్పుటకొక అవ్వను పిలువుడు. అయిదాఱు తరగతుల పిల్లలను చిన్నవారికి జతచేయుడు. చిన్నవారికి నేర్పుటలో ఆ పెద్దపిల్లల చదువును చెదరక నిలుచును. కావలసిన సామగ్రి యేమి? చింతపిక్కలు, గవ్వలు, ఒక తట్టలో ఇసుక, బంకమన్ను, మిగిలిన నూలుపోగులు, ఇరువది బొమ్మలపుస్తకములు, త్రాగుటకు మజ్జిగ, రాగిజావ.

మొదటి వారము బిడ్డల బెదురు తీర్చుటకు, పేర్లు తెలిసికొనుటకు మాత్రమే వినియోగింపుడు. రెండు, మూడు వారములు చప్పట్లమాటలు, కథలు, ముగ్గులు. నాలుగవ వారము వరుసలు, గింజల లెక్కలు. అయిదవ వారము ఎవరి పేరులోని మొదటి యక్షరమును వారు ఇసుకలో గుర్తించుట. ఆఱవ వారము బిడ్డలను తల్లులతోకూడ తాము చేరబోవు బడికి తీసికొనిపోయి, గదిని, నీళ్లకుండను, మరుగుదొడ్డిని, ఉపాధ్యాయుని చూపుట. మొదటిదినము బడి పరాయిచోటు గాకుండుట కింతకు మించిన సాధనము లేదు. తమ్ముని ఎత్తుకొని కాపాడుటకై ఇంట నిలిచిపోవు ఆడబిడ్డ యున్నచో, తమ్మునితో కూడ రమ్మనుడు. ఆమె రాకున్న మన ప్రయత్నము సగమే. దీనికగు వ్యయము మన వార్షికోత్సవమున పూలదండలకును శాలువలకును అగు వ్యయముకంటె హెచ్చుగాదు. నేడు మాకు కప్పిన శాలువ మన మగ్గముపై నేసినది గనుక కాదనజాలకపోతిమి. వచ్చు సంవత్సరమున దాని వెలను ఈ పనికే చేర్పుడు.

కడపటి మాట కొందఱికి రుచింపకపోవచ్చును. ఆ మండపపు తలుపు ఎవరికి తెఱువవలెను? మన ధనముతో కట్టినది గనుక మన బిడ్డలకేయని కార్యవర్గమున నొకరిద్దఱు మాతో ననిరి. నేతవీధిలో మన యిండ్లు మాత్రమే లేవు. చాకలివారి బిడ్డయు, మాదిగవారి బిడ్డయు, ముస్లిము సోదరుని బిడ్డయు అదే జూన్ నెలలో అదే బడిలో మన బిడ్డ ప్రక్కనే కూర్చుండును. ఆ బిడ్డ వెనుకబడినచో తరగతియంతయు వారికై ఆగవలెను, లేదా వారిని విడిచి సాగవలెను. రెండును మన బిడ్డకు మేలుగావు. ఇది లాభమును జూచి చెప్పు మాట. ధర్మమును జూచి చెప్పు మాట వేఱు. మనము భావనాఋషి సంతతివారమని చెప్పుకొందుము. ఆ ఋషి లోకమునకు వస్త్రమిచ్చెనని మన పురాణగాథ. నేసినవాడు కట్టువాని కులమడిగి నేయలేదు. వస్త్రమునకు లేని యెల్లను అక్షరమునకు మనము గీయుట తగునా?

కావున, మండపములున్న ప్రతి శాఖయు వచ్చు వేసవినుండి బడికి ముందటి బిడ్డలకై ఆఱువారములు తలుపులు తెఱువవలెననియు, వీధిలోని బిడ్డలందఱిని కులభేదములేక చేర్చుకొనవలెననియు, ఆ బిడ్డలు ఒకటవ తరగతి ముగించువఱకు నెలకొకసారియైన విచారించి నివేదిక పంపవలెననియు ఈ మహాసభ తీర్మానింపగోరుచున్నాము. పతకముల పట్టికను ఏటేట చదువుచున్నాము. ఇకపై దానిప్రక్కనే, ఒకటవ తరగతిలో చేరి నిలిచిన బిడ్డల పట్టికయు చదువబడుగాక! ఆ పట్టిక దినదినాభివృద్ధి నొందుగాక!

స్వస్తి.